30 లక్షల సార్టెక్స్ ముందా, మిల్లులో పని తీరు మార్చుకోవడం ముందా?

బుచ్చి మిల్లు కోడలు · ఏప్రిల్ 4

అందరికీ నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర చిన్న రైస్ మిల్లు. గంటకు రెండు టన్నుల వడ్లు ఆడుతుంది. 1987లో మా మామయ్య పాత రకం వడ్ల మర అయిన హల్లర్‌తో మొదలుపెట్టారు. తర్వాత పొట్టు తీసే రబ్బర్ రోల్ షెల్లర్, తవుడు తీసే పాలిషర్ వచ్చాయి. నేను బీకాం చదివాను. నాలుగేళ్ల నుంచి లెక్కలు నేనే రాస్తున్నాను. కొనుగోళ్లు, అమ్మకాలు మా ఆయన చూసుకుంటారు.

ఒక మిషన్ల ఏజెంటు నెల రోజులుగా మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. సార్టెక్స్, అంటే రంగు మారిన గింజల్ని ఏరేసే మిషను, పెడితే బియ్యం ముత్యాల్లా వస్తాయని, చెన్నై వ్యాపారులు ఎగబడి కొంటారని చెబుతున్నాడు. మిషను, కంప్రెసర్, షెడ్డు అన్నీ కలిపి 30 లక్షలు. పదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్ల లోను తీసుకుంటే నెలకు 64,500 దాకా కట్టాలి. మా ఆయన దాదాపు ఒప్పేసుకున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. రెండేళ్లుగా మిల్లులో మిగులు దాదాపు లేదు. ఎందుకు లేదో తెలియకుండానే మీద ఇంకో అప్పు వేసుకుంటున్నామని నా భయం.

అందుకని పన్నెండు రోజులు మర దగ్గరే కూర్చుని రాశాను. క్వింటాలు వడ్లు ఆడితే నిండు బియ్యం 52 కిలోలు, నూక 14 కిలోలు వస్తున్నాయి. తవుడు 8, ఊక 21. మిగతాది తాలు, దుమ్ము, తేమ. మాకు నిండు బియ్యం కిలో 46కి పోతుంది, నూక 24కి. అంటే విరిగిన ప్రతి కిలో మీద 22 రూపాయలు పోతున్నట్టే. ఏడాదికి సొంతంగా కొని ఆడే వడ్లు 9,000 క్వింటాళ్లు.

ఈ 14 కిలోల నూక మామూలేనా? ఎక్కడ విరుగుతుందో కనుక్కునే దారి ఏదైనా ఉందా? చేతిలో 4 లక్షలు ఉన్నాయి. మీరైతే ముందు దేని మీద పెడతారు?

పాత ఫిట్టర్ · ఏప్రిల్ 4

అమ్మాయ్, నేను కోవూరు, నెల్లూరు మిల్లుల్లో ముప్పై ఎనిమిదేళ్లు పని చేశాను. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నా. నువ్వు మర పక్కన కూర్చుని రాశావు చూడు, అంత మంచి పని ఇంకోటి లేదు.

ముందు ఒక మాట. సార్టెక్స్ ఏం చేస్తుంది? గింజలు జారుతుంటే కెమెరాతో చూసి, రంగు మారిన గింజను, నల్ల గింజను గాలి కొట్టి పక్కకు తోస్తుంది. విరిగిన గింజను అతికించదు. నీ నష్టం నూకలో ఉంది. సార్టెక్స్ వచ్చే చోటు మర చివర. నీ గింజ అంతకు ఎంతో ముందే విరిగిపోతోంది. పైగా లోపలికి పోయే బియ్యం శుభ్రంగా లేకపోతే గాలి దెబ్బకు చెడ్డ గింజతో పాటు పక్కనున్న మంచి గింజా ఎగిరిపోతుంది.

ప్రభుత్వం వారి వడ్లు ఆడి బియ్యం ఇచ్చే కస్టమ్ మిల్లింగ్‌కు ప్రభుత్వం క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అడుగుతుంది. నీకు నూకతో కలిపి 66 వస్తున్నాయి. మొత్తం దిగుబడిలో పెద్ద తేడా లేదు. సన్న రకానికి 14 కిలోల నూక మాత్రం ఎక్కువ.

ఎక్కడ విరుగుతుందో చూడాలంటే ఖర్చు లేని పద్ధతి ఉంది. కళ్లంలో ఆరిన వడ్లలోంచి వంద గింజలు తీసుకో. చేత్తో మెల్లగా పొట్టు వలిచి, వెలుతురుకు పెట్టి చూడు. గింజకు అడ్డంగా వెంట్రుకలాంటి గీత కనపడితే అది ఎండకు పగిలిన గింజ. అది మర దాకా వచ్చిందంటే చాలావరకు విరుగుతుంది. అట్లాగే షెల్లర్ కింద వంద, పాలిషర్ కింద వంద లెక్కపెట్టు. మూడు అంకెలు పక్కపక్కన రాసుకుంటే దొంగ ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. ఒక్కసారి చూసి వదలొద్దు, వారం చెయ్యి.

ఇంకోటి. పచ్చి వడ్లు, ఆరిన వడ్లు ఒకే రాశిలో కలుపుతున్నారేమో చూడు. ఆరిన గింజ పక్కనున్న పచ్చి గింజ నుంచి తేమ పీల్చుకుని పగులుతుంది. కోత మిషను వచ్చాక ఈ తప్పు ప్రతి మిల్లులోనూ జరుగుతోంది. ఒక పొలం వడ్లలో తేమ 20 శాతం, ఇంకో పొలంలో 15, రెండూ ఒకే లారీలో వస్తాయి.

సూళ్లూరుపేట తమ్ముడు · ఏప్రిల్ 5

అక్కా, నేను శ్రీసిటీలో విడిభాగాల ఫ్యాక్టరీలో లైన్ మీద పని చేస్తాను. రైస్ మిల్లు గురించి తెలియదు కానీ మా దగ్గర చేసేది చెబుతాను. మిషను ఆగినప్పుడల్లా ఎన్నింటికి ఆగింది, ఎందుకు ఆగింది, మళ్లీ ఎన్నింటికి మొదలైంది అని బోర్డు మీద రాస్తాం. ఆ రాసేది సూపర్‌వైజర్ కాదు, మిషను దగ్గరున్న మనిషే. రెండు వారాలకు చూస్తే సగం టైము ఒకటి రెండు కారణాలకే పోతుంటుంది.

ఆ కారణం దగ్గర కూడా ఆగకండి. ఎందుకు అని వెనక్కి అడుగుతూ పోండి. టొయోటా వాళ్లు ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడిగే అలవాటు పెట్టారు. మొదటి జవాబు దగ్గర మనిషిని తిడతాం. నాలుగో ఐదో జవాబు దగ్గరికి వచ్చేసరికి తప్పు మనిషిది కాదని తెలుస్తుంది.

ఒంగోలు మిల్లు · ఏప్రిల్ 5

చెల్లెమ్మా, పైన అందరూ మంచి మాటలే చెప్పారు. కానీ నాది వేరే అనుభవం. సార్టెక్స్ లేని బియ్యాన్ని బయటి వ్యాపారి ఇప్పుడు చేత్తో కూడా ముట్టుకోవడం లేదు. నేను పెట్టుకున్నాక కిలోకు రెండు రూపాయలు ఎక్కువ వచ్చింది. నూక తగ్గించుకోవడం మంచిదే, అది ఇంట్లో పని. బజారు మాత్రం నీ కోసం ఆగదు. రెండేళ్లు ఆలస్యం చేస్తే ఉన్న కొనుగోలుదారులు కూడా పోతారు. మీ ఆయన తొందరలో కూడా అర్థముంది, ఆయన్ని తప్పు పట్టకు.

పద్దుల పుస్తకం · ఏప్రిల్ 6

నేను కావలిలో అకౌంట్లు చూస్తాను. ఒక లెక్క వేసి పెడుతున్నాను, మీ ఆయనకు చూపించండి.

నెలకు 64,500 అంటే ఏడాదికి 7 లక్షల 74 వేలు. ఐదేళ్లకు 38 లక్షల 70 వేలు. మీ నిండు బియ్యం ఏడాదికి 4,680 క్వింటాళ్లు. వాయిదా ఒక్కటి గడవాలన్నా ప్రతి కిలో మీద 1.65 ఎక్కువ రావాలి. కంప్రెసర్ కరెంటు, సర్వీసింగ్ దీనికి అదనం. ఒంగోలు అన్న గారికి రెండు రూపాయలు వచ్చాయంటే నమ్ముతాను. అయితే ఆయన మిల్లు ఎంత పెద్దదో, ఏడాదికి ఎన్ని రోజులు నడుస్తుందో కూడా అడగాలి. వాయిదా మాత్రం మర ఆగిన రోజుకూ కట్టాలి.

మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉంటే చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన ఎంఎస్ఎంఈ కాంపిటేటివ్ లీన్ పథకం చూడండి. 2023 మార్చిలో కొత్తగా మొదలుపెట్టారు. వృథా ఎక్కడుందో కనిపెట్టి సరిచేసే సలహాదారు ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుంది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు ఉంటాయి. మిషన్లకు అప్పు ఇస్తామని అందరూ వస్తారు. పని తీరు బాగు చేసుకోవడానికి సాయం ఉందని చెప్పేవాళ్లు తక్కువ.

బుచ్చి మిల్లు కోడలు · మే 2

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. కోతల హడావుడి. మీరు చెప్పినవన్నీ చేశాను, ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు ఫిట్టర్ బాబాయ్ చెప్పిన వంద గింజల లెక్క. రోజూ పొద్దున గింజలు వలిచాను. మా పాప కూడా పక్కన కూర్చుని లెక్కపెట్టింది. వారం సగటు ఇది: కళ్లంలోనే పగిలిన గింజలు 9, షెల్లర్ కింద విరిగినవి 12, పాలిషర్ కింద 20. కళ్లం అంకె చూసి నేను ఆశ్చర్యపోయాను. మేం ఎప్పుడూ పాలిషర్‌నే తిట్టుకునేవాళ్లం.

కళ్లంలో తప్పు మాదే. పనయిపోవాలని వడ్లు పల్చగా పరిచి, ఏప్రిల్ ఎండలో సిమెంటు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేసేవాళ్లం. ఇప్పుడు అంగుళంన్నర మందం పోసి, అరగంటకోసారి తిరగేస్తున్నాం. పన్నెండు నుంచి మూడు దాకా కుప్ప చేసి పట్టా కప్పుతున్నాం. రాత్రంతా కుప్పలోనే ఉంచి మర్నాడు మళ్లీ పరుస్తాం. ఒక రోజు ఎక్కువ పడుతుంది. హమాలీలకు పని పెరిగింది కాబట్టి కూలి కూడా పెంచాను. పెంచకుండా ‘ఇట్లా చెయ్యండి’ అంటే రెండో రోజుకే మానేసేవాళ్లు, అది న్యాయం కూడా కాదు.

తేమ మీటరు కొన్నప్పుడు ఇంట్లో బాధ కలిగింది. మామయ్య గింజను పంటి కింద వేసి కొరికి తేమ ఎంతో చెప్పేస్తారు. ‘నలభై ఏళ్లుగా నా పన్ను చాలలేదా’ అన్నారు. నేను వాదించలేదు. ఇరవై లాట్లకు ముందు ఆయన చెప్పిన అంకె రాసి, తర్వాత మీటరు పెట్టాను. పదహారు లాట్లలో ఆయన మాటకు, మీటరుకు ఒక్క శాతం లోపే తేడా. నాకు నిజంగా గర్వంగా అనిపించింది, ఆయనకే చూపించాను. మిగతా నాలుగూ రాత్రి పూట వచ్చిన బండ్లు. ఒకటి 17 అనుకుని దించుకున్నది 20 ఉంది. ఆయనే అన్నారు, ‘రాత్రి వచ్చిన బండికి మిషను పెట్టండి, నాకు చీకట్లో గింజ రంగు ఆనదు’ అని. ఇప్పుడు ప్రతి బండికీ ఐదు చోట్ల తీసి చూస్తున్నాం. 17 దాటినవి వేరే రాశి. వడ్ల రకాలు కూడా కలపడం లేదు, బీపీటీ వేరు, ఎన్ఎల్ఆర్ 34449 వేరు.

ఇక షెల్లర్ సంగతి. సూళ్లూరుపేట తమ్ముడు చెప్పినట్టు ‘ఎందుకు’ అని వెనక్కి పోయాను. షెల్లర్ దగ్గర ఎందుకు విరుగుతున్నాయి? రోల్ బాగా బిగించి ఆడుతున్నారు. ఎందుకు బిగిస్తున్నారు? పొట్టు పోని వడ్లు, వాటిని వేరు చేసే సెపరేటర్ నుంచి ఎక్కువగా వెనక్కి రాకూడదని. వస్తే ఏమవుతుంది? వెనక్కి మోసే ఎలివేటర్ బెల్టు సాగిపోయింది, కప్పులు సగం ఊడాయి, వడ్లన్నీ కింద పోతున్నాయి. ఊడ్చలేక మర అబ్బాయి రోల్ బిగిస్తున్నాడు. ఆ బెల్టు మార్చాలని రెండేళ్ల కిందటే అతను చెప్పాడట. మేమే ‘నడుస్తోంది కదా’ అన్నాం. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా సిగ్గేసింది. బెల్టుకు, కప్పులకు కలిపి 14,000 అయింది. అంతే. ఆ 14,000 పెట్టకపోవడం వల్ల రెండేళ్లు మంచి బియ్యాన్ని నూక చేసి అమ్ముకున్నాం. ఇప్పుడు షెల్లర్‌లో నూటికి 85, 90 గింజలు వలిచేలా వదులుగా పెట్టి, మిగతావి మళ్లీ తిప్పి ఆడుతున్నాం.

ఆగిన టైము బోర్డు కూడా పెట్టాం. రోజుకు గంటా నలభై నిమిషాలు ఆగుతోంది. కరెంటు వల్ల అనుకున్నాను, అది కొంచెమే. ఎక్కువ భాగం ఖాళీ సంచులు గోడౌన్ నుంచి తెచ్చే దాకా, కుట్టు మిషను దారం ఎక్కించే దాకా ఆగడమే. రేపటి సంచులు ముందు రోజు సాయంత్రమే మర పక్కన పెడుతున్నాం, దారం బుట్ట రెండోది కొన్నాం. ఇప్పుడు నలభై నిమిషాలకు తగ్గింది.

వెతుకుతుంటే దొరికిన ఇంకోటి చెబుతాను. మా 26 కిలోల సంచులు తూకం వేసి చూస్తే సగటున 150 గ్రాములు ఎక్కువ పోతున్నాయి. 25 కిలోలు, అంతకన్నా తక్కువ ప్యాకింగుకు జీఎస్టీ వచ్చినప్పటి నుంచి అందరం 26 కిలోలే కడుతున్నాం కదా. కాటా పాతది, తక్కువ పడుతుందేమోనని పిల్లలు ఒక గుప్పెడు ఎక్కువ వేస్తున్నారు. ఏడాదికి దాదాపు 19,000 సంచులు, అంటే 2,850 కిలోలు, లక్షా 31 వేలు. కాటా బాగు చేయించి, తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాం. కొనేవాళ్లకు తక్కువ పోకూడదని మామయ్య గట్టిగా చెప్పారు, అందుకే 20 గ్రాములు ఎక్కువే ఉంచాం.

మీటరు 16,000, బెల్టు 14,000, పట్టాలు 9,000, కాటా 3,500, బోర్డు, పుస్తకాలు, దారం బుట్ట కలిపి 1,200. మొత్తం 43,700. హమాలీల కూలి పెంపు వేరే.

గత పది రోజుల సగటు: నిండు బియ్యం 55 కిలోలు, నూక 11. క్వింటాలు వడ్లకు 66 రూపాయలు. 9,000 క్వింటాళ్లకు దాదాపు 6 లక్షలు. పది రోజుల లెక్కను ఏడాదికి పెంచి చూడడం తొందరపాటని నాకు తెలుసు, అయినా ఆ అంకె చూసి ఆ రాత్రి నిద్ర పోయాను.

ఒంగోలు అన్నయ్యా, మీ మాట నేను కొట్టేయడం లేదు. మా చెన్నై వ్యాపారి సార్టింగ్ బియ్యమే అడుగుతాడు. అతనికి పోయేది మా సరుకులో నాలుగో వంతు. అంతవరకు కోవూరు వైపు ఒక మిల్లులో క్వింటాలుకు ఇంత అని ఇచ్చి సార్టింగ్ చేయిస్తున్నాం. మా ఆయన రెండు లారీలు తీసుకెళ్లి దగ్గరుండి చేయించారు. నూక తగ్గిన బియ్యం ఇవ్వడంతో అక్కడ తీసేసిన సరుకు కూడా తక్కువే పోయిందని ఆయనే చెప్పారు. లోను కాగితాలు సంక్రాంతి దాకా పక్కన పెడదామని కూడా ఆయనే అన్నారు.

ఒంగోలు మిల్లు · మే 3

చెల్లెమ్మా, అద్దెకు సార్టింగ్ చేయించడం మంచి దారే. నాది గంటకు నాలుగు టన్నుల మిల్లు, ఏడాదిలో తొమ్మిది నెలలు నడుస్తుంది, అందుకే నాకు గిట్టింది. ఆ ముక్క ముందే రాయాల్సింది. నిన్న మా కళ్లంలో వంద గింజలు నేనూ వలిచాను. పద్నాలుగు పగిలి ఉన్నాయి. సార్టెక్స్ పెట్టాక అటు చూడడమే మానేశాను.

పాత ఫిట్టర్ · మే 3

ఆ మర అబ్బాయిని దగ్గర పెట్టుకో అమ్మాయ్. రెండేళ్ల కిందటే చెప్పాడంటే అతనికి మర సంగతి తెలుసు. నెలకోసారి అతన్ని కూర్చోబెట్టి ఏం మార్చాలో అడిగి రాసుకో. మర ఎక్కడ నలుగుతుందో దాని పక్కన నిలబడేవాడికి ముందు వినపడుతుంది.

బుచ్చి మిల్లు కోడలు · అక్టోబర్ 11

ఎడగారు (రెండో పంట) వడ్లు అయిపోయాయి. వానల మధ్య ఆరబెట్టడం చాలా కష్టమైంది. సెప్టెంబర్‌లో నాలుగు రోజులు ముసురు పట్టి కుప్పలు వేడెక్కాయి, ఒక లాటు రంగు మారింది. ఆ లాటులో నూక 13 దాకా పోయింది. మిగతా పంట అంతా 11, కొన్ని రోజులు పదిన్నర. తేమ పుస్తకం ఇప్పుడు మామయ్యే రాస్తున్నారు. ముందు పంటి అంకె, పక్కన మీటరు అంకె, రెండు గడులూ ఆయన చేతిరాతే.

మర అబ్బాయి జీతం పెంచాం. లీన్ పథకంలో బేసిక్ మెట్టుకు నమోదు చేసుకున్నాను. ముసురు దెబ్బ తిన్నాక మా ఆయన సార్టెక్స్ మాట వదిలి చిన్న డ్రయ్యర్ గురించి అడుగుతున్నారు. ఈసారి ఇద్దరం కూర్చుని ముందు లెక్క వేస్తున్నాం, తడి లాట్లు ఏడాదికి ఎన్ని వస్తాయో పుస్తకంలో ఉంది కదా.

బాబాయ్, ఒక సందేహం. రబ్బర్ రోళ్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరుగుతున్నాయి. కొత్త జత కొనాలా?

పాత ఫిట్టర్ · అక్టోబర్ 12

అప్పుడే వద్దు. రెండు రోళ్లలో ఒకటి జోరుగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతాయి. జోరుగా తిరిగేది ముందు అరుగుతుంది. సగం అరిగాక ఒకదాని చోట ఇంకోటి మార్చి వేస్తే రెండూ సమంగా అరిగి ఎక్కువ రోజులు వస్తాయి. వడ్లు రోల్ వెడల్పంతా సమంగా పడుతున్నాయో లేదో కూడా చూడమను. ఒక పక్కనే పడితే రబ్బరు గుంట పడుతుంది. కొత్త జత కొనేటప్పుడు తయారైన తేదీ చూసి తీసుకో, రబ్బరు పాతబడితే గట్టిపడి గింజను విరుస్తుంది. తెచ్చాక ఎండ తగలని చోట, నూనె పడని చోట పెట్టు. మార్చిన తేదీ షెల్లర్ మీదే రంగుతో రాయించు.